తర్ఫా రవికెలో పొదిగిన విత్తనం

బేరూతు రేవులో పట్టుబేళ్ళ కోసం పరదేశపు ఓడలు బారులు తీరిన కాలం ముగిసి, మిడతల దండు దిగి కొండల మీద ఒక్క పచ్చని ఆకునైనా మిగల్చని కరువేడు గడిచి, సుల్తానుగారి జెండా దిగి ఫ్రెంచివారి జెండా ఎక్కి, అదీ దిగి దేవదారు గుర్తున్న సొంత జెండా ఎగిరి, మల్బరీ చెట్లను నరికి ఆపిల్ మొక్కలు నాటినవారి మనుమలు ఆ పండ్లను లారీలకెత్తే రోజులు వచ్చిన తరువాత కూడా, షూఫ్ కొండల్లోని కఫర్ సింద్యాన్ అనే ఊళ్ళో ప్రతి వసంతంలోనూ ఒక్క ఇంట, ఒక్క తట్ట మీద, పట్టుపురుగులు ఆకు నమిలే సవ్వడి తప్పకుండా వినిపించిందంటే, అందుకు కారణం తర్ఫా అనే ఇల్లాలు. ఆ ఇల్లాలు కొత్త కోడలిగా ఉన్నప్పుడు భక్తిశ్రద్ధలతో చేసిన ఒక పొరపాటు.

తర్ఫా పుట్టినది దామూరులో, సముద్రపు ఒడ్డున. అక్కడ కొండలకన్నా ముందుగా వసంతం వస్తుంది. కొండ మీద మంచు ఇంకా నీడల్లో దాక్కుని ఉండగానే దామూరు మల్బరీలు చిగుళ్ళు వేసి నవ్వుతూ ఉంటాయి. వాళ్ళ నాన్నకు తోట ఉంది. ఇంట్లో పురుగులనూ పెంచేవారు. అయితే ఆ విత్తనం డబ్బాల్లో వచ్చే ఫ్రెంచి విత్తనం. పట్టుసీతాకోక పెట్టిన గుడ్లను అక్కడివారు విత్తనమనే అంటారు. దాన్ని ఒక గదిలో పరచి, నిప్పుల కుంపటి పెట్టి, తలుపు మూసేస్తే దాని మానాన అది పొదిగేది. కుంపటిని చూసుకోవడమే తప్ప విత్తనాన్ని చూసుకోవడం తర్ఫాకు తెలియదు.

కఫర్ సింద్యానులో మిల్హం అనే యువకునికి ఆమెను ఇచ్చి చేశారు. మిల్హం తల్లి ఉమ్ మిల్హం. ఆమె మాట పెళుసు, చేయి మెత్తన. ఊరందరూ డబ్బాల విత్తనానికి మారిపోయినా ఆమె మారలేదు. ఆమె తల్లి, తల్లి తల్లి కాపాడుకుంటూ వచ్చిన నాటు విత్తనం ఆమె దగ్గర ఉండేది. వెనుకటి రోజుల్లో పురుగులకు తెగులు వచ్చి కొండల్లోని పట్టంతా మాడిపోయినప్పుడు ఆ విత్తనం బతికింది. మిడతల ఏట, లోయ చీలికలో మిడతల కంటపడని ఒక్క చెట్టు ఆకుతో మళ్ళీ బతికింది. ఆ పురుగులు కట్టే గూళ్ళు తెలుపు కావు. తేనె రంగులో, దీపం వెలుగు పడ్డ గోడలా ఉండేవి. అటువంటి విత్తనం ఆ చుట్టుపక్కల మరెవరి వద్దా లేదు. ఆ ఇంట అది ఆరిపోతే లోకంలోనే ఆరిపోయినట్లు.

తర్ఫా కాపురానికి వచ్చిన తొలి వసంతంలో, మట్టల పండుగ వెళ్ళిన మర్నాడు, ఉమ్ మిల్హం నేలమాళిగలోని మట్టికుండ తెచ్చి మూత తీసింది. వేసవి, ఆకురాలు కాలం, చలి కాలం అన్నీ ఆ చల్లని చీకటిలో నిద్రపోయిన విత్తనం, గసగసాలకన్నా కాస్త పెద్దదిగా, బూడిద రంగులో, గుడ్డకు అంటుకుని ఉంది. దాన్ని మెల్లగా గీకి ఒక చిన్న సంచిలో పోసి, నోరు కుట్టి, కోడలి చేతిలో పెట్టింది.

"ఇదుగో పిల్లా. ఇవాళ్టి నుంచి ఇది నీ రవికెలో ఉండాలి. పగలూ రాత్రీ."

"నా రవికెలోనా అత్తమ్మా? నాకేం తెలుసని?"

"కోడిపెట్టకి ఏం తెలుసని పొదుగుతోంది? నా ఒంట్లో ఇక వేడి లేదే. ఉన్నదంతా నోట్లోకి పోయింది."

"అది మాత్రం దేవుడి సాక్షిగా నిజం," అన్నాడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న మిల్హం.

"నువ్వు పోరా పొలానికి! ఆడవాళ్ళ మాటల్లో నీకేం పని?" అని కొడుకును తరిమి, ఆమె కోడలికి నియమాలన్నీ చెప్పింది. పరిగెత్తకూడదు. గట్టిగా అరవకూడదు. ఎవరితోనూ గొడవ పడకూడదు. బోర్లా పడుకోకూడదు. ఎండలో నిలబడకూడదు. సంచి సంగతి బయట ఎవరికీ చెప్పకూడదు. దిష్టి తగిలితే విత్తనం తెల్లవారేసరికి పొల్లవుతుంది.

తన్నూరు దగ్గరకు వెళ్ళకూడదని మాత్రం ఆమె చెప్పలేదు. ఆ ఇంట మూడు తరాల ఆడవాళ్ళలో విత్తనం మోసేవారెవరూ రొట్టె కాల్చే గొయ్యి దగ్గరకు వెళ్ళి ఎరగరు. గాలి పీల్చమని ఎవరైనా ఎవరికైనా చెబుతారా? అంత తెలిసిన విషయమది.

ఆ యేడు పునరుత్థానపు పండుగ ముందుగా వచ్చింది. పవిత్ర వారంలో ఉమ్ మిల్హం పక్క ఊళ్ళో పురుడు పోసుకున్న చెల్లెలి కూతురును చూడటానికి వెళ్ళింది. పండుగకు కఅక్ రొట్టెలు కాల్చాలి. కాల్చవలసిన నస్తా, అంటే మిల్హం అక్క, బావి మెట్ల మీద జారి మణికట్టు బెణికించుకుంది.

"ఏం చేద్దాం వదినా?" అంది తర్ఫా.

"ఏం చేస్తాం? పండుగ పూట మన ఇంట్లో రాళ్ళు తింటాం," అంది నస్తా కట్టు వేసిన చేయి చూసుకుంటూ. "దామూరు పిల్లలకి చేపలు వేయించడం తప్ప రొట్టె కాల్చడం ఎక్కడొస్తుంది?"

ఆ మాట తర్ఫాకు చురుక్కుమంది. కొత్త కోడలు, తనను తాను నిరూపించుకోవాలన్న తపన, అత్త లేని సమయం. చేతులు పైకి మడిచి తన్నూరు వద్దకు నడిచింది. వంగి, లోపలి గోడకు పిండిని చరిచి, ఎర్రగా కాలగానే లాగింది. రొట్టెలు చంద్రబింబాల్లా వచ్చాయి. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. "మాకూ నాలుగు కాల్చవే" అని పొరుగువారు పిండి ముద్దలు తెచ్చారు. ఆమె కాదనలేదు. మర్నాడూ కాల్చింది, ఆ మర్నాడూ కాల్చింది. ఆ వంగిన గుండెల మీద, ఆ సెగకు ఎదురుగా, చిన్న సంచి వేలాడుతూనే ఉంది. నస్తా మాత్రం, సంచి అమ్మకు అప్పగించి ఉంటుందనే అనుకుంది.

శుభ శుక్రవారం నాడు గుడిలో దీపాలన్నీ ఆర్పి, రక్షకుని సమాధికి పువ్వులు కప్పుతున్నారు. మందిరమంతా నిశ్శబ్దం. అప్పుడు తర్ఫా గుండెల మీద ఏదో కదిలింది. సన్నగా, వెంట్రుకతో గిలిగింత పెట్టినట్లు. ఆమె కదలకుండా నిలబడింది. మళ్ళీ కదిలింది, ఒకచోట కాదు, వందచోట్ల. నవ్వు వస్తోంది, ఏడుపు వస్తోంది, రెండూ ఆపుకోవడంలో కళ్ళవెంట నీళ్ళు కారాయి. రెండు చేతులూ గుండెకు హత్తుకుని వణికిపోయింది.

వెనుక నిలబడ్డ ఉమ్ జిర్యూస్, ఊరి ఊట దగ్గర జరిగే మాటలన్నింటికీ పెద్దదిక్కు, పక్కావిడ చెవిలో అంది: "చూశావా ఆ దామూరు పిల్లని? రక్షకుడి కోసం ఎలా కుమిలిపోతోందో! మనకి ఉందా ఆ భక్తి?"

నస్తా మోచేతితో పొడిచింది. "ఏంటే ఆ మెలికలు?"

"వదినా," అంది తర్ఫా పళ్ళు బిగపట్టి, "ఇంటికి పోదాం పద. పుట్టేశాయి."

ఉమ్ మిల్హం అప్పటికే ప్రయాణం నుంచి తిరిగి వచ్చి గడపలో కూర్చుని ఉంది. తర్ఫా సంచిని ఆమె ఒడిలో పెట్టింది. కుట్టు విప్పి చూస్తే, తెల్లబడిన గుడ్డు పెంకుల మధ్య నల్లని నూలు ముక్కల్లా పురుగులు పాకుతున్నాయి. ముందు కాళ్ళెత్తి, తలలు అటూ ఇటూ ఆడిస్తూ, ఆకు ఎక్కడా అని అడుగుతున్నాయి. ఉమ్ మిల్హం తలెత్తి పెరటి మల్బరీ వైపు చూసింది. కొమ్మలు బోడిగా, చలికి ముడుచుకుని ఉన్నాయి. మొగ్గలు ఇంకా పెదవి విప్పలేదు.

ఆమె సంచి నోరు వేళ్ళతో మూసి పట్టుకుంది.  

"ఎక్కడ నిలబడ్డావే?" అంది.

"తన్నూరు దగ్గర, అత్తమ్మా."

"ఎన్నాళ్ళు?"

"పిండి అయిపోయేదాకా."

"మన పిండా?"

తర్ఫా తల వంచుకుంది. "ఊరి పిండి."

నస్తాకు కిసుక్కున నవ్వు వచ్చి, తల్లి చూపు చూసి దగ్గుగా మార్చుకుంది. ఉమ్ మిల్హం సంచి మీద నుంచి కళ్ళు తీయకుండా అడిగింది: "మీ నాన్న తోటలో ఆకు ఎంతుంది?"

"ఈపాటికి నా అరచేతంత ఉంటుంది."

"అయితే రేపు తెల్లారగానే బయలుదేరు. గాడిదను తీసుకో. వీటిని జల్లెడలో పరుస్తాను, పైన పలుచని గుడ్డ కడతాను. నువ్వు గుండెకానించి పట్టుకుని కూర్చో."

"అమ్మా!" అంది నస్తా. "ఎల్లుండి పండుగ. కొత్త కోడలు మొదటి పండుగకి పుట్టింట్లోనా? ఊరేమంటుందో తెలుసా? తరిమేశారంటుంది!"

"అనుకోనీ. ఊరికి నోరుంది, తిండీ ఉంది. వీటికి రెండోది లేదు." తర్వాత కోడలి గడ్డం పట్టి ముఖం పైకెత్తింది. "ఎవరడిగినా చెప్పకు. మొదటి రెండు ఉపవాసాలూ గడిచేదాకా వీటికి ఎవరి చూపూ తగలకూడదు. అర్థమైందా? నిన్నేమన్నా సరే."

పురుగులు కుబుసం విడిచే ముందు తిండి మాని తల ఎత్తి కదలకుండా ఉండడాన్ని ఆ కొండల్లో ఉపవాసం అంటారు. గూడు కట్టేలోగా నాలుగు ఉపవాసాలు. అన్నింటినీ సరిగా ఆచరించిన పురుగే పట్టు ఇస్తుంది.

మర్నాడు తర్ఫా ఒడిలో జల్లెడతో కొండ దిగుతుంటే, మలుపులో అబూ ఫాయద్ కంచరగాడిదల వరుసతో ఎదురయ్యాడు. ఊళ్ళకు సరుకుతో పాటు కబుర్లూ మోసే మనిషి.

"ఎటమ్మా పండుగ ముందు? పుట్టింటికా?"

"గాలి మార్పుకి, మామా."

"గాలి మార్పుకి జల్లెడెందుకు తల్లీ?"

"మా అమ్మ జల్లెడ చిరిగిపోయింది."

"దామూరులో జల్లెళ్ళు దొరకవా?" అని అతడు తల ఊపి, "దేవుడు నీ అత్తకి మంచి బుద్ధి ఇవ్వాలి" అంటూ పైకి సాగిపోయాడు. మధ్యాహ్నం గంట కొట్టేసరికి ఊట దగ్గర ఆ కబురు, జల్లెడతో సహా, చేరిపోయింది. అత్త కోడలిని తరిమేసిందట. పాపం, కట్నంగా తెచ్చుకున్న జల్లెడ ఒక్కటే చేతికిచ్చి పంపిందట.

దామూరులో తల్లి కూతురిని గుమ్మంలో చూసి రెండు చేతులా గుండె బాదుకుంది. "అయ్యో నా తల్లీ! ఏం చేశావే? ఏం చేశారే నిన్ను?"

"అమ్మా, ఏడుపు తర్వాత. ముందు ఆకు!"

గుడ్డ ఎత్తి చూసిన తల్లి ఏడుపు మధ్యలోనే ఆగిపోయింది. కత్తిపీట ముందు కూర్చుని లేత ఆకును, తబ్బూలే అనే పచ్చికూర చేసేటప్పుడు ఆకు తరిగినట్లు, పొగలా సన్నగా తరిగింది. తర్ఫా దాన్ని చల్లింది. కొంతసేపు ఏమీ జరగలేదు. అవి ఆకలికి అలిసిపోయాయేమో, అంతా అయిపోయిందేమో అని తర్ఫా ఊపిరి బిగబట్టి మోకాళ్ళ మీద కూర్చుంది. తర్వాత ఒక నల్లని దారం ఆకు అంచు ఎక్కింది. ఇంకొకటి. ఆ వెనుక మొత్తం జల్లెడ కదిలింది. తర్ఫా శిలువ గుర్తు వేసుకుని నేల మీద కూలబడి, అప్పుడు ఏడ్చింది, తనివితీరా.

మనుషుల పెద్ద ఉపవాసం ముగిసి గుడి గంటలు మోగుతున్న వేళ, జల్లెడలోని ప్రాణులు తమ ఉపవాసాలకు కడుపు నింపుకుంటున్నాయి. పండుగ వెళ్ళిన కొద్దిరోజులకు మిల్హం వచ్చాడు. దారి పొడవునా ఎవరెవరి ముఖాలో చూసి, ఎవరెవరి జాలినో మోసి, నీరసపడి వచ్చాడు.

"క్రీస్తు లేచాడు," అన్నాడు గుమ్మంలో, పండుగ పలకరింపుగా.

"నిజంగా లేచాడు," అంది తర్ఫా లోపలి నుంచి గుసగుసగా. "పురుగులు మాత్రం పడుకున్నాయి. చెప్పులు విప్పి, నోరు మూసుకుని రా."

మిల్హం తట్ట పక్కన గొంతుక్కూర్చున్నాడు. పురుగులు, ఇప్పుడు తెల్లగా, చిటికెన వేలి గోరంత పొడవున, తలలెత్తి ప్రార్థనలో ఉన్నట్లు నిశ్చలంగా ఉన్నాయి.

"అమ్మ అడగమంది. ఇది ఎన్నో ఉపవాసం?"

"రెండోది. ఊళ్ళో ఏమంటున్నారు?"

"నేను నిన్ను కొట్టానంటున్నారు. నస్తా కొట్టిందని కొందరు. నువ్వే అమ్మను కొట్టావని ఉమ్ జిర్యూస్."

"నేనా! దేంతో?"

"జల్లెడతో."

ఇద్దరూ నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుని, పురుగులకు మెలకువ రాకుండా, ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నవ్వారు. పెళ్ళి అయ్యాక వాళ్ళిద్దరూ కలిసి అంతగా నవ్వడం అదే మొదటిసారి అని తర్ఫా తర్వాతి రోజుల్లో ఎప్పుడూ చెప్పేది.

వసంతం నడుమ వచ్చే మార్ జిర్జిస్ పండుగ నాటికి కొండ మీద మల్బరీలు విచ్చుకున్నాయి. మూడవ ఉపవాసం ముగించిన పురుగులను రెండు తట్టల్లో సర్ది, గాడిద మీద ఒకటి, తన నెత్తి మీద ఒకటి పెట్టుకుని తర్ఫా కొండ ఎక్కింది. ఊట దగ్గర కూజాలన్నీ ఒక్కసారిగా నిండడం మానేశాయి.

"వచ్చావా తల్లీ!" అంది ఉమ్ జిర్యూస్ కళ్ళు పెద్దవి చేసి. "మళ్ళీ రానిస్తుందా మీ అత్త?"

 దారి చివర ఉమ్ మిల్హం కనిపించింది. ఏ పెళ్ళికూతురినీ గడప దాటి ఎదుర్కోలేదని పేరుపడ్డ మనిషి, దుపట్టా జారుతున్నా పట్టించుకోకుండా ఊటదాకా నడిచి వచ్చింది. కోడలి నెత్తి మీద తట్ట అందుకుని, గుడ్డ ఎత్తి, లోపల చూసింది. ఆమె ముఖం ఒక్క క్షణం మెత్తబడింది. ఆ తర్వాత ఊటవైపు తిరిగింది.

"ఏమర్రా! నా కోడలు పురిటికి పుట్టింటికి వెళ్ళింది. ఇదుగో, పిల్లలతో తిరిగొచ్చింది. కావలసినవాళ్ళు వచ్చి లెక్కపెట్టుకోండి!"

ఊట దగ్గర నవ్వు పగిలిన కూజాలా పొంగింది. ఉమ్ జిర్యూస్ కూడా నవ్వక తప్పలేదు. "కవలలా?" అంది. "ఒకే కాన్పులో ఇంతమందా? మరి బాలింతకి పెట్టే మిగ్లీ ఎక్కడే? మాకందరికీ పంచాలిగా!" ఆ సాయంత్రం ఉమ్ మిల్హం, బాలింత ఉన్న ఇంట చేసినట్లే, బియ్యప్పిండి, సోంపు, దాల్చినచెక్క కలిపి మిగ్లీ ఉడికించి, పైన వాల్‌నట్లు చల్లి ఊరందరికీ పంచింది.

అయితే ఆమె మనసులో భయం ఇంకా తీరలేదు. పురుగులు బతకడం ఒక ఎత్తు. వంశం నిలవడం మరో ఎత్తు. సెగ తగిలిన విత్తనం నుంచి వచ్చిన సీతాకోకలు గొడ్డువి కావచ్చునని ఆమె తల్లి చెప్పేది. పురుగులు నాలుగవ ఉపవాసం ముగించి, ఆకలిగొన్న కొత్త పెళ్ళికొడుకుల్లా తిని, ఎండు పొదల మీదకెక్కి, తేనె రంగు గూళ్ళు అల్లుకుని అందులో మాయమైపోయాయి. చాలా గూళ్ళను ఆవిరి పట్టించారు, దారం తీయడానికి. మేలైన కొన్నింటిని మాత్రం ఉమ్ మిల్హం వేరుచేసి తెల్లని గుడ్డ మీద పరచింది.

ఒకనాటి ఉదయం గూళ్ళ కొనలు తడిసి, వదులై, వాటిలోంచి తెల్లని సీతాకోకలు బయటికి వచ్చాయి. ముడుచుకున్న రెక్కలు ఎండి విచ్చుకున్నాయి. ఎగరలేదు, ఎగరడం వాటికి చేతకాదు. గుడ్డ మీదే వణుకుతూ తిరుగుతూ జతలు వెతుక్కున్నాయి. దామూరులో విత్తనం డబ్బాల్లోనే వచ్చేది కనుక తర్ఫా వాటిని మునుపెన్నడూ ఇంత దగ్గరగా చూడలేదు. ఆకు ఒకటి తెచ్చి ముందు పెట్టింది.

"తినదే అది," అంది అత్త.

"ఎందుకు?"

"తినే నోరు లేదు. తినవలసినదంతా చిన్నప్పుడే తినేసింది. మీ వదినలాగా."

"అమ్మా!" అంది నస్తా లోపలి నుంచి.

"మరెన్నాళ్ళు బతుకుతుంది అత్తమ్మా, తినకుండా?"

ఉమ్ మిల్హం తల అడ్డంగా ఊపింది. "కొన్నాళ్ళే. కానీ చూడు, తొందరపడుతోందా?"

తర్ఫా చూసింది. ఆ సీతాకోకకు ఆకలి లేదు, భయం లేదు. విత్తనంగా ఏడాదిలో ఎక్కువ భాగం నిద్రించి, పురుగుగా ఆకలితో పెరిగి, గూటిలో లోకానికి దూరమై, ఇక్కడికి వచ్చింది. ఇప్పుడిక దానికి మిగిలింది ఇవ్వడమొక్కటే. సృష్టికర్త దాని నోరు తీసివేసినది అందుకేనని తర్ఫాకు తోచింది. ఆమె దాన్ని వేలితో తాకకుండా మనసులోనే దండం పెట్టుకుంది.

తల్లి సీతాకోకలు గుడ్డ మీద గుడ్లు పెట్టాయి. పసుపుపచ్చగా, తడిగా. పొల్లు గుడ్లైతే ఆ పసుపు అలాగే ఉండిపోతుంది. ప్రాణమున్నవైతే కొన్ని రోజుల్లో బూడిద రంగుకు తిరుగుతాయి. ఇంటిల్లిపాదీ పనులు చేసుకుంటూనే, దాటిన ప్రతిసారీ ఆ గుడ్డ వైపు ఒక చూపు వేసేవారు. ఒక ఉదయం నస్తా గుడ్డ దగ్గర నిలబడి పిలిచింది.

"అమ్మా! రా! తర్ఫా, నువ్వూ రా!"

గుడ్డంతా పొగమంచు పడ్డ రాయిలా బూడిద రంగులో ఉంది.

ఉమ్ మిల్హం గుడ్డను మడిచి కుండలో పెట్టి, మూత వేసి, ఆ మీద చేయి ఉంచి నోట్లోనే ఏదో గొణిగింది. తర్వాత ఖాళీ సంచిని కోడలి చేతిలో పెట్టింది.

"వచ్చే యేడూ నీదే."

"మళ్ళీ నాకా? ఇంత చేశాక కూడా?"

"ఈ ఊళ్ళో తన్నూరుకి ఎంత దూరంగా నిలబడాలో నీకన్నా బాగా తెలిసినది ఎవరే?"

ఆ తరువాత ఏళ్ళ మీద ఏళ్ళు గడిచాయి. ఉమ్ మిల్హం గుడి పక్క నేలలో నిద్రించింది. మల్బరీలు పోయి ఆపిళ్ళు వచ్చాయి. పట్టు కొనేవారు రావడం మానేశారు. తర్ఫా మాత్రం పెరటి చెట్టు ఒక్కదాన్ని నరకనివ్వలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "నా పిల్లల కంచమది" అనేది. ఒక్క తట్ట పురుగులు, గుడ్డ మీద కొన్ని తెల్ల సీతాకోకలు, కుండలో బూడిద రంగు విత్తనం: అంతే ఆమె పట్టు. ఇప్పుడు ఆమె మనుమని భార్య రీమా రవికెలో ఆ సంచి ఉంది. నియమాలన్నీ తర్ఫా స్వయంగా అప్పగించింది. పరిగెత్తకు, అరవకు, గొడవ పడకు. అన్నింటికన్నా ముందు చెప్పేది మరొకటుంది.

"తన్నూరు దగ్గరకి వెళ్ళకు."

"మామ్మా, ఊళ్ళో తన్నూరే లేదు. రొట్టె వ్యానులో వస్తుంది."

"అయితే ఆ వ్యాను దగ్గరకీ వెళ్ళకు," అంటుంది తర్ఫా, పళ్ళు లేని నోటితో నవ్వుతూ.

సీతాకోకకు నోరు లేకుండా చేసి, దాని రెక్కల్లోనే నిండు జీవితాన్ని నింపిన ఆ కరుణామయుడు తర్ఫా చేతులకు ఇంకా ఎన్నో వసంతాల వెచ్చదనాన్ని ప్రసాదించుగాక. ఆమె ఇంటి గడప ఎన్నడూ ఆకు లేని కొమ్మ కాకుండుగాక. ఆ ఇంట కోడళ్ళ గుండెల మీద పొదిగిన ప్రతి ప్రాణమూ బూడిద రంగు నిద్ర వదిలి, ఉపవాసాలు నెరవేర్చుకుని, తేనె రంగు గూటిలోంచి రెక్కలతో లేచుగాక. ఆ ఇంటి నవ్వు ఊట నీటిలా ఎన్నటికీ ఎండకుండుగాక.